‘అవెంజర్స్: డూమ్స్‌డే’లో రాబర్ట్ డౌనీ జూనియర్‌ను డాక్టర్ డూమ్‌గా మనం ఒప్పుకోగలమా?

2008 నుంచి 2019 వరకు మార్వెల్ సూపర్ హీరోల సినిమాల్లో ఐరన్ మ్యాన్‌గా చూసిన నటుడినే ఇప్పుడు ప్రతినాయకుడిగా నిలబెడితే ప్రేక్షకుడు నమ్ముతాడా, ఇది పాత అభిమానాన్ని సొమ్ము చేసుకోవడం కాదా అని మీరు అడిగారు. విజయవాడ సత్యనారాయణపురంలోని మా ఇంట్లో ఈ వాదన 2024 జూలైలో ఆ ప్రకటన వెలువడిన నాటి నుంచి నడుస్తూనే ఉంది. నేను నమ్ముతాననే పక్షం, మా తమ్ముడు నమ్మననే పక్షం. మధ్యలో మా నాన్నగారు అన్న ఒకటి రెండు మాటల వల్ల నా అభిప్రాయం మొదట ఉన్నట్టు ఇప్పుడు లేదు. అందువల్ల ఆ వాదన సాగిన తీరునే మీ ముందు పెడుతున్నాను.

మా నాన్నగారిది తెనాలి దగ్గర పల్లెటూరు. పౌరాణిక నాటకాలు, పద్యాలు వింటూ పెరిగిన మనిషి. ఆయనకు ఇంగ్లీషు సినిమాలంటే ఆసక్తి లేకపోయినా, 2018 ఏప్రిల్‌లో ‘అవెంజర్స్: ఇన్ఫినిటీ వార్’ వచ్చినప్పుడు తెలుగు అనువాదంలో ప్రతినాయకుడు థానోస్‌కు రానా దగ్గుబాటి గొంతు ఇచ్చారని చెప్పి మేము ఒప్పించి తీసుకువెళ్లాం. చివర వీరుల్లో చాలామంది ఒక్కొక్కరే బూడిదగా రాలిపోతుంటే, అప్పటిదాకా ఈలలతో మోగిన హాలు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. బందర్ రోడ్డు మీదికి వచ్చి ఆటో కోసం నిలబడినప్పుడు నాన్నగారు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ తరువాత, "వీడిది దుర్యోధనుడి లక్షణంరా. తాను చేసేది తప్పని వాడికి ఒక్క క్షణమైనా తోచలేదు" అన్నారు. సూపర్ హీరోల సినిమా గురించి నేను విన్న విమర్శల్లో నాకు బాగా నచ్చినది ఇప్పటికీ ఆ మాటే.

మరుసటి ఏడాది ఏప్రిల్ 26న దాని కొనసాగింపు ‘ఎండ్‌గేమ్’ విడుదలైంది. మాకు ఆదివారం ఆటకు టికెట్లు దొరికాయి. శనివారం సాయంత్రం నాతో పనిచేసే ఒకాయన, నేను వద్దని చెబుతున్నా వినకుండా, టోనీ స్టార్క్, అంటే ఐరన్ మ్యాన్, చనిపోతాడని చెప్పేశాడు. ఆ రాత్రి నాకు కలిగిన బాధ చిన్నది కాదు. పదకొండేళ్లు వెంట నడిచిన కథకు ముగింపు హాల్లో కాకుండా ఆఫీసు మెట్ల మీద తెలిసింది. అయినా మరునాడు ఆ ఘట్టం వచ్చేసరికి నాకు కళ్లనీళ్లు ఆగలేదు. ముందే తెలిసిపోయినా ఆ సన్నివేశం బలం తగ్గలేదు. ఇప్పుడు ‘డూమ్స్‌డే’ గురించి బయటికి పొక్కిందంటూ వచ్చే ప్రతి వదంతినీ వెతికి చదివేవారిని చూస్తే నాకు ఆ శనివారమే గుర్తుకువస్తుంది. దయచేసి తెలుసుకున్నది తెలుసుకున్నవారి దగ్గరే ఉంచుకోవాలని మనవి.

మా తమ్ముడి అభ్యంతరానికి మూలం కూడా ఆ ఘట్టమే. 2024 జూలై 27న శాన్ డియాగోలో జరిగిన కామిక్ కాన్ అభిమానుల సభలో ఆకుపచ్చ అంగీ, లోహపు ముసుగు ధరించిన డౌనీ వేదిక మీద ముసుగు తీసి తన ముఖం చూపించినప్పుడు ప్రపంచమంతా చప్పట్లు కొట్టింది, మావాడు మాత్రం ఫోను పక్కన పెట్టేశాడు. "అన్నయ్యా, ఆ మనిషి చనిపోతే మనం ఏడ్చాం కదా. ఇప్పుడు అదే ముఖాన్ని మళ్లీ తీసుకొస్తే ఆ చావుకు విలువ ఏముంటుంది?" అని అడిగాడు. దానికి తోడు, 2022లో ప్రకటించినప్పుడు ఈ సినిమా పేరు వేరు, అందులోని ప్రతినాయకుడు కాంగ్ అనే మరొకడు. దారి మధ్యలో ఆ కథను వదిలేసి డూమ్‌ను తెచ్చారంటే, అది ముందుగా అల్లుకున్న కథ కాదని, అవసరం కొద్దీ పాత తారను పిలిచారని వాడి వాదన. ఈ అనుమానాన్ని నేను తోసిపుచ్చలేను. అయినా 2025 మార్చి 26న కుర్చీల మీద ‘డూమ్స్‌డే’ నటుల పేర్లు ఒక్కొక్కటిగా చూపిస్తూ ఐదు గంటలకు పైగా సాగిన ప్రసారాన్ని, మనకు అర్ధరాత్రి దాటిపోయినా, వాడు ఇరవై ఏడో పేరు దాకా కూర్చుని చూశాడు. అంత కోపం అంత ప్రేమ ఉన్నచోటే పుడుతుందని నేను అనుకుంటున్నాను.

నా సమాధానం మన సినిమాల్లోంచే వచ్చింది. ఎన్.టి. రామారావు గారు 1957లో ‘మాయాబజార్’ కృష్ణుడు, 1958లో ‘భూకైలాస్’ రావణుడు, 1961లో ‘సీతారామ కల్యాణం’లో మళ్లీ రావణుడు, 1963లో ‘లవకుశ’ రాముడు. రావణుడిగా చూసిన రెండేళ్లకే ఆయనను రాముడిగా చూసి దండం పెట్టిన ప్రేక్షకులు మనవాళ్లే. 1977 సంక్రాంతికి వచ్చిన ‘దానవీరశూరకర్ణ’లో ఆయన కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు మూడు పాత్రలూ తానే వేసి, దర్శకత్వమూ తానే వహించారు. దాదాపు నాలుగు గంటల ఆ సినిమాను మా నాన్నగారు పదిహేనేళ్ల వయసులో నేల టికెట్‌లో కూర్చుని చూశారు. కృష్ణుడు రాయబారానికి వచ్చి సభలో దుర్యోధనుడికి ఎదురుగా నిలబడితే ఆ రెండు ముఖాలూ ఒక్కటేనన్న ఆలోచనే ఎవరికీ రాలేదని ఆయన చెబుతారు. కొండవీటి వెంకటకవి గారి సంభాషణలను రారాజుగా ఒక రకంగా, కృష్ణుడిగా మరో రకంగా పలకడంలో ఆ నటుడు చూపిన తేడాయే అందుకు కారణం. కాబట్టి ఒకే నటుడు దేవుడూ రాక్షసుడూ కావడం ప్రపంచానికి కొత్తేమో కానీ కృష్ణా, గుంటూరు జిల్లాల ప్రేక్షకుడికి ఎన్నడూ కొత్త కాదు.

ఈ వాదనతో గెలిచాననే అనుకున్నాను. అప్పుడు తమ్ముడు అన్న మాట నన్ను ఆపేసింది. "రారాజు ఎవరో నాన్నకు సినిమాకు ముందే తెలుసు. వందసార్లు నాటకంలో చూశారు, పద్యాలు కంఠతా వచ్చు. డూమ్ ఎవరో మన హాల్లో ఎంతమందికి తెలుసు? వాళ్లకు తెలిసింది టోనీ ముఖం ఒక్కటే." పక్కనే ఉన్న నాన్నగారు కూడా, "వాడన్నది నిజమేరా. పాత్ర తెలియకపోతే వేషం వెనక మనిషే కనబడతాడు" అన్నారు. నా అభిప్రాయానికి అక్కడ ఒక షరతు చేరింది.

డూమ్ గురించి నాకు తెలిసినదంతా చదివి తెలుసుకున్నదే. లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల కొట్ల ముందు గంటల తరబడి నిలబడి, అట్టలు ఊడిన కామిక్స్ ఏరుకున్న రోజుల్లో నాకు ఆ పాత్ర పరిచయమైంది. మార్వెల్ కామిక్స్ రచయిత స్టాన్ లీ, చిత్రకారుడు జాక్ కిర్బీ అతడిని 1962లో ‘ఫెంటాస్టిక్ ఫోర్’ ఐదో సంచికలో సృష్టించారు. మా నాన్నగారు పుట్టిన సంవత్సరమూ అదే. విక్టర్ వాన్ డూమ్ లాట్వేరియా అనే కల్పిత దేశానికి పాలకుడు, విజ్ఞానమూ మంత్రవిద్యా రెండూ ఎరిగినవాడు. చదువుకునే రోజుల్లో అతడు చేసిన యంత్రం లెక్కలో పొరపాటు ఉందని, తరువాత ఫెంటాస్టిక్ ఫోర్ జట్టుకు నాయకుడైన రీడ్ రిచర్డ్స్ హెచ్చరించినా వినలేదు. యంత్రం పేలి ముఖం గాయపడితే ఆ తప్పును తనదిగా ఒప్పుకోకుండా జీవితమంతా రీడ్ మీద పగ పెంచుకున్నాడు. తన ప్రజలను తాను తప్ప మరెవరూ రక్షించలేరని అతడు మనస్ఫూర్తిగా నమ్ముతాడు. 2015 నాటి ‘సీక్రెట్ వార్స్’ కామిక్స్‌లో లోకాలన్నీ నశిస్తుంటే మిగిలిన ముక్కలను కలిపి ఒక ప్రపంచం నిలబెట్టి, దానికి తానే దేవుడై కూర్చుంటాడు. అభిమానధనుడు, దానశీలి, పగబట్టినవాడు అయిన మన రారాజుకు ఇంత దగ్గరగా ఉన్న పాశ్చాత్య పాత్ర నాకు మరొకటి కనబడలేదు.

ఇదంతా ప్రేక్షకుడికి తెర మీద అందాలన్నదే నా షరతు. ఈ అవెంజర్స్ సినిమాల వరుసలో అంతకుముందు అతడికి దక్కిన పరిచయం 2025 జూలైలో వచ్చిన ‘ఫెంటాస్టిక్ ఫోర్: ఫస్ట్ స్టెప్స్’ చివర, ముఖం కూడా చూపించకుండా మెరిసిన ఒక్క చిన్న దృశ్యమే. మరోవైపు ఆ ఇరవై ఏడు పేర్లలో 2000 నాటి ‘ఎక్స్‌మెన్’ నటులు పాట్రిక్ స్టువర్ట్, ఇయాన్ మెక్‌కెలెన్ మొదలుకొని నిన్నమొన్నటి జట్ల దాకా ఉన్నారు. ఇంతమందికి చోటు ఇస్తూ ప్రతినాయకుడికి గతం చెప్పడం సులభం కాదు. అయితే ఈ సినిమాకూ దర్శకులైన రూసో సోదరులే ‘ఇన్ఫినిటీ వార్’లో అంతకు తక్కువ కాని జనసందోహాన్ని పెట్టుకొని కూడా, కథకు కేంద్రం థానోస్‌నే చేసి, చివరి దృశ్యంలో ఒంటరిగా కూర్చుని ఉదయిస్తున్న సూర్యుణ్ణి చూస్తున్న అతడి మీదే సినిమా ముగించారు. ఆ ధైర్యమే డూమ్ విషయంలోనూ చూపిస్తే మా తమ్ముడి అభ్యంతరం మొదటి అరగంటలోనే తీరిపోతుంది. డూమ్‌ను టోనీకి మరో లోకపు రూపమని చెప్పి సరిపెడితే మాత్రం వాడే గెలిచినట్టు, నేను ఒప్పుకుంటాను.

విడుదల 2026 మే 1 నుంచి డిసెంబర్ 18కి మారడం గురించి కూడా చాలామంది బాధపడుతున్నారు. వేసవి సెలవుల్లో పిల్లలతో కలిసి చూసే అవకాశం పోయిందన్నది నిజమే కానీ, తొందరపడి పూర్తిచేసిన గ్రాఫిక్స్ కంటే ఏడు నెలల ఆలస్యం నాకు మేలుగా తోస్తోంది.

నన్ను ఇంతకంటే ఎక్కువగా ఆలోచింపజేస్తున్న ప్రశ్న ఒకటుంది, దాన్ని తెలుగువాళ్లమే అడగగలం. మా నాన్నగారి వంటివారికి టోనీ స్టార్క్ అంటే డౌనీ ముఖమూ, తెలుగు అనువాదంలో వినబడిన గొంతూ కలిసిన మనిషి. డూమ్ ఎక్కువసేపు ముసుగులోనే ఉండే పాత్ర. ముసుగు వేసుకున్నప్పుడు ముఖం కనబడదు, గొంతే మిగులుతుంది. టోనీకి చెప్పిన గొంతునే డూమ్‌కూ వాడితే ఆ పోలిక తెలుగు ప్రేక్షకుణ్ణి సినిమా అంతా వెంటాడుతుంది. వేరే గొంతు పెడితే డూమ్ నిజంగా కొత్తవాడై నిలబడతాడు, కానీ ముసుగు తీసిన క్షణాన కలగవలసిన ఉలికిపాటు తగ్గుతుంది. రామారావు గారు ఒకే గొంతుతో మూడు పాత్రలనూ వేరుచేశారు కనుక, అంతటి పలికే నేర్పు ఉన్న కళాకారుడు దొరికితే పాత గొంతే ఉండాలని నా కోరిక. తమ్ముడు కొత్త గొంతే కావాలంటున్నాడు. మొదటి రోజు తెలుగు ఆటకే వెళ్లాలన్న విషయంలో మాత్రం మా ముగ్గురికీ భేదం లేదు, నాన్నగారు అప్పుడే తనకు నడవకు పక్కన ఉండే సీటు తీసుకోమని చెప్పి ఉంచారు.