మంచు అంటే ఏ మంచు?

సందేహం: మేం డాలస్‌లో ఉంటాం. చలికాలపు తుఫాను వస్తోందని ఇక్కడి వాతావరణశాఖ చెప్పినప్పుడు, మా అత్తగారి కోసం తెలుగులో రాసి ఫ్రిజ్ మీద అంటించాను: "రేపు పొద్దున భారీ మంచు, మంచువాన." తెనాలి నుంచి వచ్చిన ఆవిడ చదివి, "మంచేగా, శాలువా కప్పుకుంటే సరి" అని తెల్లారగానే గుమ్మం దిగబోయారు. స్నో, స్లీట్, ఫ్రీజింగ్ రెయిన్, ఐస్ అన్నిటికీ మనకు మంచు ఒక్కటేనా?

సమాధానం: మీ అత్తగారు పొరబడలేదమ్మా. తెనాలిలో మంచంటే ఆవిడ అనుకున్నదే. ధనుర్మాసంలో పొలాల మీద కమ్ముకునేది, గడ్డిపోచ మీద బొట్టుగా నిలిచేది, ఆరుబయట పడుకుంటే దుప్పటి తడిపేది. "మంచులో తిరక్కు, జలుబు చేస్తుంది" అని పిల్లల్ని కసిరేది ఈ మంచు గురించే. కన్నడంలో మంజు కూడా ఇదే మాట. పాత తమిళంలో మంజు అంటే మబ్బు. మనం చూసిన చల్లని తేమకు మనం పెట్టుకున్న పేరిది. హిమాలయాల మీది తెల్లని మంచుకూ దాన్నే వాడుకున్నాం.

పోనీ సంస్కృతం నుంచి తెచ్చుకుందామంటే, అమరకోశం నీహారం, తుషారం, తుహినం, హిమం, ప్రాలేయం అన్నిటినీ ఒకే వరసలో కూర్చోబెట్టింది. "హిమపాతం" బాగానే ఉంటుంది గానీ, కొండ మీంచి మంచుచరియలు విరిగిపడ్డా పత్రికలు అదే మాట రాస్తున్నాయి.

తెలుగులో తేడా చెప్పేది క్రియ. మంచు పట్టింది, మంచు కమ్మింది అంటే పొగమంచు. మంచు కురిసిందంటే పొగమంచూ కావచ్చు, స్నో కూడా కావచ్చు. "ఆరు అంగుళాల మంచు పేరుకుంటుంది" అనండి, ఇక ఎవరూ పొగమంచు అనుకోరు. "భారీ" కంటే ఆ అంగుళాల లెక్కే మేలు.

మీరు రాసిన వాటిలో నాకు అసలు నచ్చనిది "మంచువాన". ఫ్రీజింగ్ రెయిన్‌లో పడేది మంచు కాదు, అచ్చంగా వానే. మబ్బులో మంచుగా బయల్దేరి, మధ్యలో వెచ్చని గాలిపొర తగిలి కరిగి చినుకవుతుంది. నేల దగ్గర చలిగాలి పొర పల్చగా ఉంటే గడ్డకట్టే వ్యవధి దొరకదు. సున్నా డిగ్రీల కంటే చల్లబడి కూడా నీరుగానే దిగి, కొమ్మనో తీగనో రోడ్డునో తాకిన క్షణంలో ఐసవుతుంది. "తాకితే గడ్డకట్టే వాన" అనండి. పొడుగైనా, ప్రమాదం ఎక్కడుందో ఆ మాటే చెబుతుంది.

కింది చలిపొర మందంగా ఉంటే చినుకు దారిలోనే గట్టిపడి కిటికీ అద్దం మీద టపటపమంటుంది. అది స్లీట్. ఉప్పు పలుకులు, పటికబెల్లం పలుకులు అంటాం కదా, అలాగే "ఐసు పలుకులు" అంటే సరిపోతుంది. వడగళ్లు అనకండి. అవి ఉరుములతో వచ్చే మబ్బుల్లో, పైకి తన్నే గాలిలో పెరుగుతాయి. మన వాళ్లకు ఆ మాట వినగానే మామిడికాయలు రాలే ఎండాకాలపు వాన గుర్తొస్తుంది.

"బ్లాక్ ఐస్"ను "నల్లమంచు" అని రాస్తున్నవాళ్లూ ఉన్నారు. ఐసు నల్లగా ఉండదు. గాజులా పారదర్శకంగా ఉండి, అడుగునున్న తారు కనిపిస్తుంది. రోడ్డు ఒట్టి తడిగా ఉందనుకుంటాం. మీ పక్కనే ఫోర్ట్‌వర్త్‌లో 2021 ఫిబ్రవరి 11న, తెల్లవారక ముందు, ఇలాంటి రోడ్డు మీదే 130కి పైగా వాహనాలు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. ఆరుగురు పోయారు. "కంటికి కనపడని ఐసు పొర" అనే రాయాలి. మాట పొదుపు చేసే చోటు కాదది.

ఇంకొకటి. అక్కడి వాతావరణశాఖ ప్రకటనల్లో "వాచ్", "వార్నింగ్" అని రెండుంటాయి. రెంటినీ హెచ్చరిక అనేస్తే తేడా పోతుంది. మొదటిది వచ్చే సూచన ఉంది, కనిపెట్టుకుని ఉండండి అని. రెండోది వచ్చేస్తోంది లేదా వచ్చేసింది అని.

ఈసారి ఫ్రిజ్ మీద ఇలా రాసి చూడండి: "అత్తయ్యా, రేపు పొద్దున పడే వాన నేలను తాకగానే ఐసవుతుంది. మెట్లు తడిగా కనిపిస్తాయి, కానీ అది తడి కాదు. నేను లేచి ఉప్పు చల్లేదాకా గుమ్మం దిగకండి."