క్యాలిక్యులేటర్‌లో ఎం ప్లస్, ఎంఆర్‌సీ, జీటీ, ఎంయూ మీటలు దేనికి?

ఈ మీటలు తెలిస్తే బిల్లు వేసేటప్పుడు మధ్యలో కాగితం మీద అంకెలు రాసుకునే పని తప్పుతుంది.

ఉదాహరణకు కిలో 56 రూపాయల బియ్యం 25 కిలోలు, 150 రూపాయల నూనె ప్యాకెట్లు 4 కొన్నారు, 50 రూపాయలు తగ్గించారు అనుకుందాం. 25 × 56 కొట్టి ఎం ప్లస్ నొక్కండి. 1400 వచ్చి మెమరీలో చేరుతుంది. 4 × 150 కొట్టి మళ్లీ ఎం ప్లస్. తర్వాత 50 కొట్టి ఎం మైనస్. ఇప్పుడు ఎంఆర్‌సీ ఒకసారి నొక్కితే మొత్తం 1950 కనిపిస్తుంది. వెంటనే రెండోసారి నొక్కితే మెమరీ ఖాళీ అవుతుంది. తెర మూలన చిన్న ఎం అక్షరం వెలుగుతోందంటే పాత లెక్క ఇంకా లోపలే ఉందని అర్థం. అది చూడకుండా కొత్త బిల్లు మొదలుపెడితే రెండు బిల్లులూ కలిసిపోతాయి!

జీటీ ఇంకా సులువు. సమానం గుర్తు నొక్కిన ప్రతిసారీ వచ్చిన జవాబులన్నిటినీ అదే కూడి చూపిస్తుంది.

ఎంయూ దగ్గరే చాలామంది తికమకపడతారు. అది అమ్మకం ధర కట్టే మీట. చాలా టేబుల్ క్యాలిక్యులేటర్లలో 800 ÷ 20 కొట్టి ఎంయూ నొక్కితే 960 కాదు, 1000 వస్తుంది. లాభం కొన్న ధరలో కాకుండా అమ్మే ధరలో 20 శాతం ఉండేలా లెక్కిస్తుంది కాబట్టి: 1000లో 200. కొన్న ధర మీద 20 శాతమే కావాలంటే 800ను 1.2తో గుణించడం మేలు.

సీఈ చివరగా కొట్టిన అంకెను మాత్రమే చెరుపుతుంది, ఏసీ నడుస్తున్న లెక్క మొత్తాన్ని తుడిచేస్తుంది. తెర మీద ఇంగ్లిష్ అక్షరం ‘ఈ’ (E) కనిపిస్తే సున్నాతో భాగించారనో, జవాబు తెరలో పట్టలేదనో అనుకోవాలి.