కన్సల్టెంటు ఉన్నాక శాఖ ఇంజినీరు దేనికి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. మీ ఊరి రోడ్డుకు డిజైను ఒక కన్సల్టెంటు చేశాడు, పని కాంట్రాక్టరు చేస్తున్నాడు, నాణ్యత చూడటానికి బయటివాళ్ళు వస్తున్నారు. ఇంతమంది ఉండగా ప్రభుత్వానికి సొంత ఇంజినీర్లు ఎందుకు, ఫైలు నడిపే అధికారి ఒకరుంటే చాలదా అని అడిగారు.

చాలదు. కన్సల్టెంటు ఇచ్చిన కాగితంలో తప్పు ఉంటే దాన్ని పట్టుకోగలిగిన మనిషి ప్రభుత్వం వైపు ఒకరు ఉండాలి. నేను ఆ కుర్చీలో ఉండి కూడా ఒకసారి పట్టుకోలేకపోయాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. గజపతి జిల్లా ఏర్పడిన మరుసటి ఏడాది, 1993లో, జేఈగా, అంటే జూనియర్ ఇంజినీరుగా చేరాను. జేఈల పైన ఉండే సబ్ డివిజన్ ఇంజినీరుగా, అంటే ఎస్‌డీవోగా రిటైరయ్యాను. గుమ్మ, నువాగడ, ఆర్.ఉదయగిరి వైపు కొండ రోడ్లలోనే నా సర్వీసు దాదాపు అంతా గడిచింది.

2016లో ఒక సవర గూడేనికి వెళ్ళే రోడ్డు ఎస్టిమేటు నా బల్ల మీదికి వచ్చింది. దారిలో ఒక వాగు ఉంది. దాని మీద రెండు ఖానాల (నీళ్ళు పోయే గదుల) బాక్స్ కల్వర్టు చూపించారు. ఒక్కో ఖానా 3 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల ఎత్తు. కన్సల్టెంటు తయారుచేసిన వివర నివేదిక, డీపీఆర్, చక్కగా బైండు చేసి ఉంది. రంగుల మ్యాపులు, పట్టికలు అన్నీ ఉన్నాయి. అప్పటికి నా చేతిలో 14 పనులు నడుస్తున్నాయి. వరద లెక్కల పేజీ తిప్పి చూశాను గానీ చదవలేదు. పెద్ద కంపెనీ కదా, చూసే ఉంటారు అనుకుని సంతకం పెట్టాను.

ఆ పేజీలో ఏముందో తర్వాత చదివాను. చిన్న వాగుల వరదకు మేం ఎక్కువగా వాడేది డికెన్స్ సూత్రం. వాగులోకి నీళ్ళు దిగే విస్తీర్ణం ఎంతో తెలుసుకుని, దాని ముప్పావు ఘాతాన్ని ఒక గుణకంతో హెచ్చవేయాలి. అసలు కీలకం ఆ గుణకమే. ఏడాదికి 60 నుంచి 120 సెంటీమీటర్ల వాన పడే చోట అది 11 నుంచి 14 వరకు, 120 దాటే చోట 14 నుంచి 19 వరకు తీసుకోవాలని, రోడ్ల పనులకు ప్రమాణాలు రాసే సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాల్లో ఉంది. మా జిల్లాలో ఏడాది వాన 120 దాటుతుంది. కన్సల్టెంటు మాత్రం 11 వేశాడు. వాగు పైన ఉన్న కొండ వాలు 4 చదరపు కిలోమీటర్లు. 11తో లెక్క కడితే సెకనుకు 31 ఘనపు మీటర్ల నీరు వస్తుంది. 19తో కడితే 54. తక్కువలో తక్కువ 14 వేసినా 40 దాకా వస్తుంది. నీరు సెకనుకు 3 మీటర్ల వేగంతో పోతుందనుకున్నా, ఆ రెండు ఖానాల్లోంచి దాటగలిగేది 36 మాత్రమే. ఈ లెక్కకు కంప్యూటరు కూడా అక్కర్లేదు. ఆ పేజీ మీద పది నిమిషాలు కూర్చుంటే నాకే దొరికేది.

ఇంకో సంగతి నన్ను ఇప్పటికీ వదలలేదు. కల్వర్టు కొలతలకు నేల మీద ముగ్గు పోసిన రోజు గూడెం నుంచి ఒక ముసలాయన వచ్చాడు. సవర, తెలుగు కలిపి మాట్లాడాడు. వాగు ఒడ్డున ఉన్న పనసచెట్టును చూపించి, ‘ఒక ఏడు నీళ్ళు ఈ కొమ్మ దాకా వచ్చాయి బాబూ, మీ గోడ సరిపోదు’ అన్నాడు. ఆయన చూపించిన ఎత్తు మా డ్రాయింగులో రాసిన గరిష్ఠ వరద మట్టం కంటే నా నడుమంత పైన ఉంది. సూత్రంతో వచ్చిన అంకెను ఊళ్ళోవాళ్ళు చెప్పే వరద గుర్తులతో సరిచూడాలని ఆ మార్గదర్శకాల్లోనే ఉంది. విన్నాను, తలూపాను, రాసుకోలేదు. రాసుకుని ఉంటే ఎస్టిమేటు మళ్ళీ పైకి పంపాలి, పని ఆగుతుంది, ఆ ఏడాది నిధులు మురిగిపోతాయేమో అని నాకు టెన్షన్. ఆ భయం నిజమైనదే. అయినా రాయాల్సింది.

2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ వాన ఎలాంటిదో మా వైపు వాళ్ళకు చెప్పనక్కర్లేదు. బరఘర దగ్గర కొండచరియ విరిగిపడి మనుషులు పోయారు. మా కల్వర్టు కాంక్రీటుకు ఒక్క పగులూ రాలేదు. నీళ్ళు దాని పక్కనుంచి దారి చేసుకుని రెండు వైపులా రోడ్డు కట్టను కోసుకుపోయాయి. కల్వర్టు వాగు మధ్యలో ఒంటరిగా మిగిలింది. మూడు వారాల పాటు గూడెం వాళ్ళు రేషన్ బియ్యం తల మీద పెట్టుకుని వాగులో దిగి దాటారు. నేను ఒడ్డున నిలబడి చూశాను.

ఈ కథలో కాంట్రాక్టరు సిమెంటు తినలేదు. కాంక్రీటు నమూనా క్యూబులు 28 రోజుల పరీక్షలో పాసయ్యాయి. కొలతలు ఎంబీలో, అంటే కొలతల పుస్తకంలో, సరిగ్గానే ఎక్కాయి. నాణ్యత పరీక్షలన్నీ దాటి కూడా పని విఫలమైంది. ‘నాణ్యత చూడటానికి బయటివాళ్ళు వస్తున్నారు కదా’ అన్న మీ మాటకు నా జవాబు ఇదే. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో మూడంచెల తనిఖీ ఉంది. మొదట పని చేయించే యూనిట్, తర్వాత రాష్ట్ర పరిశీలకులు, ఆపైన జాతీయ పరిశీలకులు. మంచి ఏర్పాటు, నేను దాన్ని గౌరవిస్తాను. ఒక జాతీయ పరిశీలకుడు ఎండలో కూర్చుని రోడ్డు తవ్వించి, పొర పొరకూ మందం కొలవడం దగ్గరుండి చూశాను. కానీ పరిశీలకులు వచ్చేసరికి పునాది మట్టిలో కప్పబడి ఉంటుంది, ఖానాలు ఎన్నో ఎప్పుడో నిర్ణయమై ఉంటుంది. ఆ రెండు సమయాల్లో అక్కడ ఉండాల్సింది శాఖ ఇంజినీరే.

ఉంటే ఏమవుతుందో కూడా చూశాను. నేను జేఈగా చేరిన కొత్తలో మా ఎస్‌డీవో గారు ఒక చిన్న వంతెన పునాది చూడటానికి వచ్చారు. రాయి తగిలింది, కాంక్రీటు వేసేస్తామని కాంట్రాక్టరు మనిషి అన్నాడు. సార్ ప్యాంటు మడిచి గోతిలోకి దిగారు. గునపం తీసుకుని నాలుగు చోట్ల కొట్టారు. మూడు చోట్ల ఖంగుమంది, ఒక చోట డొల్లగా మోగింది. ‘ఇది తల్లిరాయి కాదయ్యా, దొర్లి వచ్చిన గుండు. తవ్వండి’ అన్నారు. ఇంకో మీటరున్నర దిగితే గానీ అసలు బండ తగల్లేదు. ఆ అదనపు తవ్వకం బిల్లు మీద నాలుగు నెలలు తగువు నడిచింది, పైనుంచి ఫోన్లు వచ్చాయి. సార్ మాట మార్చలేదు. డిగ్రీ నాకూ ఉంది. గునపం చప్పుడు వినడం నాకు నేర్పింది ఆయన. ఫైలు నడిపే అధికారి ఎంత నిజాయితీపరుడైనా ఆ గోతిలో ఏం వినాలో ఆయనకు తెలియదు. ఖాళీ అయిన జేఈ పోస్టులు భర్తీ చేయకుండా వదిలేస్తే పోయేది ఈ విద్యే. ఇది టెండరు పిలిచి కొనుక్కోగలిగేది కాదు.

రైల్వేను చూడండి. నౌపడ–గుణుపురం చిన్న రైలు మా తాతల నాటిది, పర్లాకిమిడి రాజా వారు వేయించారు. దాన్ని బ్రాడ్‌గేజ్ చేశారు. అలా మార్చిన లైను మీద, కొత్త లైను మీద కూడా, రైల్వే భద్రతా కమిషనర్ తనిఖీ చేసి ఒప్పుకోనిదే జనాన్ని ఎక్కించకూడదు. ఆ కమిషనర్ రైల్వే శాఖ కింద ఉండరు, పౌర విమానయాన శాఖ కింద ఉంటారు. అనుభవం ఉన్న రైల్వే మనిషే, కానీ లైను త్వరగా తెరవమని ఆయన్ని ఆజ్ఞాపించే అధికారం రైల్వే బోర్డుకు లేదు. పని తెలిసి ఉండటం, కాదనగలిగే చోట ఉండటం రెండూ అక్కడ కలిశాయి. పల్లె రోడ్డు మీది కల్వర్టుకు అలాంటి గడప ఏదీ లేదు. కనీసం వాగు లెక్కల పేజీ మీదైనా, ఆ పని బిల్లులతో సంబంధం లేని మరో ఇంజినీరు సంతకం ఉండాలని నా సర్వీసు చివరి ఏళ్ళలో రెండుసార్లు రాసి పంపాను. జవాబు రాలేదు.

ఇక మీ ఊరి సంగతి. పని ఇంకా పునాదుల దశలోనే ఉందన్నారు కాబట్టి సమయం ఉంది. సమాచార హక్కు చట్టం కింద డీపీఆర్‌లో వాగు లెక్కల భాగం అడగండి. గుణకం ఎంత వేశారో, గరిష్ఠ వరద మట్టం ఎంత రాశారో చూడండి. ఊళ్ళో పెద్దవాళ్ళను తీసుకెళ్ళి, నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో చెట్టు మీదో బండ మీదో సున్నంతో గుర్తు పెట్టించి ఫోటో తీయండి. ఆ ఫోటోతో జేఈకి, ఆ పైన ఉండే ఎగ్జిక్యూటివ్ ఇంజినీరుకు (ఈఈ) కాగితం మీద రాసి ఇవ్వండి, నోటిమాటగా వద్దు. మీ జేఈ నెలకోసారే వస్తున్నాడని కోపగించుకున్నారు. అతని చేతిలో ఎన్ని పనులున్నాయో కూడా ఒకసారి అడగండి. పునాది గోతిలో కాంక్రీటు వేసే రోజు మాత్రం అతను తప్పకుండా ఉండేలా పట్టుబట్టండి.

ఖానాల కొలతలు, వాగు పైన ఉన్న విస్తీర్ణం తెలిస్తే నాకు రాయండి. నేనూ ఇక్కడ లెక్క కట్టి చూస్తాను. ఈసారి పేజీ చదివే చెబుతాను.