యుద్ధంలో జనరల్ నిజంగా ఏం చేస్తారు? ఒక పాత సాపర్ సమాధానం

"యుద్ధం జరుగుతుంటే జనరల్ స్థాయి అధికారి ఏం చేస్తారు? మ్యాప్ ముందు కూర్చుని ఆర్డర్లు వేయడమేనా?" అని ఒకరు అడిగారు.

మ్యాప్ మాట నిజమే. కానీ మ్యాప్ మీద గీసిన గీత వెంట బండి నడుస్తుందా, వంతెన ఆగుతుందా, తిండి అందుతుందా అన్నది ముందే చూసుకోవడం అంతకన్నా పెద్ద పని. ఇది కింది నుంచి చూసినవాడి మాట. నేను మద్రాస్ సాపర్స్‌లో, అంటే దారులు, వంతెనలు వేసి మైన్లు పాతే సైనిక ఇంజినీర్ల దళంలో, సుబేదార్‌గా రిటైరై బెంగళూరులోనే స్థిరపడ్డాను. ఉల్సూరు చెరువు పక్కన మా ఎంఈజీ (మద్రాస్ ఇంజినీర్ గ్రూప్) సెంటర్లో ట్రైనింగ్ అయిన తెలుగువాళ్లు బోలెడుమంది. ఏ ఊరివాడైనా అక్కడ 'తంబీ'యే.

2001 డిసెంబరులో పార్లమెంటు మీద దాడి తర్వాత సైన్యం సరిహద్దుకు కదిలింది. అదే ఆపరేషన్ పరాక్రమ్. మా కంపెనీ పంజాబ్ పొలాల్లో మైన్లు (మందుపాతరలు) పాతింది. ఒకరోజు డివిజన్ (వేల మంది ఉండే దళం) కమాండర్, అంటే మేజర్ జనరల్, వస్తున్నారంటే అందరికీ టెన్షన్. ఆయన ఎన్ని పాతారని అడగలేదు. "రికార్డు ఎవరు రాస్తున్నారు?" అన్నారు. గుర్తు రాయి నుంచి ఏ దిక్కుకు ఎన్ని మీటర్లు, ఏ వరసలో ఎన్ని అని రాసే కాగితం అది. రెండు కొలతలు తన ఎదుటే మళ్లీ కొలిపించి, టీ కూడా తాగకుండా వెళ్లిపోయారు. యుద్ధం రాలేదు. తర్వాత మైన్లు తీయాల్సి వచ్చినప్పుడు మాకు దిక్కు ఆ కాగితాలే.

ఇక చరిత్రలోంచి చెప్పాలంటే మా సాపర్లకు ఇష్టమైన కథ జోజిలా. 1948లో పాకిస్తాన్‌తో యుద్ధం జరుగుతున్నప్పుడు కశ్మీర్లో డివిజన్ కమాండర్ మేజర్ జనరల్ తిమ్మయ్య. కొడగు మనిషి, బెంగళూరు బిషప్ కాటన్ స్కూల్లో చదివారు. (ఇక్కడి రిచ్‌మండ్ రోడ్డుకు ఆయన పేరే పెట్టారు గానీ ఆటోవాళ్లను అడిగితే రిచ్‌మండ్ రోడ్డే అంటారు.) లదాఖ్‌లోని లేహ్‌కి దారి తెరవాలంటే సుమారు 11,500 అడుగుల ఎత్తున్న జోజిలా కనుమ దాటాలి. పైన కొండ బొరియల్లో శత్రువు మెషిన్‌గన్లు పెట్టుకుని కూర్చున్నాడు. సెప్టెంబరులో పదాతిదళం చేసిన దాడులు విఫలమయ్యాయి. అక్కడికి ట్యాంకులు ఎక్కిద్దాం అన్నారు తిమ్మయ్య. అంత ఎత్తులో అప్పటిదాకా ఎవరూ ట్యాంకులతో పోరాడలేదు.

అనడం ఒక ఎత్తు, ఎక్కించడం ఇంకో ఎత్తు. 7వ కావల్రీ అనే ట్యాంకుల రెజిమెంట్ వాళ్ల స్టువర్ట్ ట్యాంకులు జమ్మూ వైపు నుంచి రావాలి. దారిలో వంతెనలు బలహీనం. అందుకని టరెట్లు (ఫిరంగి ఉండే పై భాగాలు) ఊడదీసి విడిగా తెచ్చారు. బరువూ తగ్గింది, చూసినవాళ్లకు అవి ట్యాంకులని అనుమానమూ రాలేదు. శ్రీనగర్ దాటేటప్పుడు కర్ఫ్యూ పెట్టారు. కనుమ కింద ఉన్న బాల్తాల్ నుంచి పైకి ఉన్నది కంచరగాడిదల బాట. దాన్ని ట్యాంకు పట్టేలా వెడల్పు చేసింది మేజర్ తంగరాజు నాయకత్వంలోని మద్రాస్ సాపర్లు. చలిలో, కాల్పుల మధ్య. వాతావరణం బాగోక దాడి వాయిదా పడింది. చివరికి నవంబరు 1న మంచు కురుస్తుండగానే ట్యాంకులు కనుమలోకి దూసుకెళ్లాయి. బొరియల్లో ఉన్నవాళ్లు ట్యాంకులు వస్తాయని కలలో కూడా అనుకోలేదు. ఆ నెలలోనే ద్రాస్, కార్గిల్ చేతికొచ్చాయి.

ఆ రోజు తిమ్మయ్య ముందున్న ట్యాంకులోనే వెళ్లారని చెబుతారు. దీన్ని గొప్పగా చెప్పుకుంటాం గానీ, నా వరకు అసలు గొప్పతనం అంతకుముందు వారాల్లో ఉంది. డివిజన్ కమాండర్‌కు ఏమన్నా అయితే వెనక డివిజన్ మొత్తం తల లేనిదవుతుంది. అయినా ఎవరూ చేయని పని చేయమని తానే చెప్పినప్పుడు ఆయన వెనక ఉండలేకపోవడం అర్థమవుతుంది.

మన తెలుగు జనరల్ కె.వి. కృష్ణారావు గారిది వేరే తరహా. ఉత్తరాంధ్ర మనిషి. 1942లో కమిషన్ పొంది, అంటే అధికారిగా చేరి, బర్మాలో పనిచేశారు. 1971 యుద్ధంలో ఇప్పటి బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ వైపు పోరాడిన 8వ మౌంటెన్ డివిజన్ ఆయనదే. డిసెంబరు 7న గూర్ఖా బెటాలియన్‌ను హెలికాప్టర్లలో సిల్హెట్ దగ్గర దించారు. మన సైన్యానికి అలాంటి దాడి అదే మొదలు. వాళ్లను త్వరగా కలుసుకుంటామన్న మిగతా బలగాలకు రోజులు పట్టింది, అన్నాళ్లూ కొద్ది మందే నెగ్గుకొచ్చారు. అలాంటప్పుడు డివిజన్ కమాండర్‌కు నిద్ర పట్టదు.

ఇంతకీ ఒక జనరల్ కెరీర్‌లో యుద్ధం ఎంతకాలమో లెక్క చూడండి. కృష్ణారావు గారి సర్వీసు 1983 వరకు, నలభై ఏళ్లు పైనే. మేజర్ జనరల్‌గా డివిజన్‌ను పూర్తి యుద్ధంలో నడిపింది మాత్రం 1971 డిసెంబరులో రెండు వారాలు. 1981లో సైన్యాధిపతి అయ్యాక పెద్ద యుద్ధమేదీ రాలేదు. తిమ్మయ్యది ఇంకా విచిత్రం. 1957లో సైన్యాధిపతి అయ్యారు, 1959లో రక్షణ మంత్రి కృష్ణ మీనన్‌తో పడక రాజీనామా ఇచ్చి, నెహ్రూ చెప్పాక వెనక్కి తీసుకున్నారు, 1961 మే నెలలో రిటైరయ్యారు. ఏడాదిన్నర తిరిగేసరికి చైనా యుద్ధం వచ్చింది. ఆయన ఉండి ఉంటే వేరేగా జరిగేదని మా సెంటర్లో పాతవాళ్లు ఇప్పటికీ వాదిస్తారు. నేనైతే ఒప్పుకోను. రోడ్డు లేని చోట, చలిబట్టలు లేని జవాన్లతో తిమ్మయ్య మాత్రం ఏం చేస్తారు?