మిగతా తొమ్మిది భాగాల సంగతి కూడా నేర్పండి

"మా అబ్బాయి ఇంటర్ మొదటి సంవత్సరం. దశమభాగం, అంటే వచ్చినదాంట్లో పదోవంతు, దేవునికి ఇవ్వాలని నేర్పాం. అంతకుమించి డబ్బు గురించి బైబిలు వాక్యానుసారంగా ఏం చెప్పాలి?" అని ఒకరు అడిగారు. నేను సండే స్కూల్లో పెద్దపిల్లల క్లాసు చూస్తాను, ఇంట్లోనూ ఇద్దరు ఆ వయసువాళ్లే. వచనాలు ఎన్నయినా కంఠతా పట్టించండి, ఇంటి డబ్బు ఓసారి వాళ్ల చేతిలో పెట్టకపోతే ఏదీ ఒంటపట్టదు.

మొన్న క్రిస్మస్‌కి మావారు పండగ డబ్బు 12,000 కవర్లో పెట్టి మా పెద్దాడి చేతికిచ్చారు. నలుగురి బట్టలు, కేకు, క్యారల్స్‌కి వచ్చేవాళ్లకు టీ బిస్కెట్లు, గుడిలో కానుక, ఇంట్లో పనిచేసే అక్కకు చీర, అన్నీ అందులోనే.

వాడు మంచం మీద నోట్లు కుప్పలుగా పేర్చాడు. కానుక ముందే పక్కన పెట్టాడు, అది చిన్నప్పటి అలవాటు. తర్వాత తనకు బూట్లు 3,500 అని రాసుకున్నాడు. కూడితే డబ్బు చాల్లేదు. పెన్ను కొరుకుతూ చాలాసేపు కూర్చుని, "అమ్మా, అక్క చీర కొంచెం తక్కువలో చూద్దామా?" అన్నాడు. నేనేం మాట్లాడలేదు. మా అమ్మాయే అందుకుంది: "ఏడాదంతా మన గిన్నెలు తోమిందిరా. నీ బూట్లు మానుకో." వాడికి కోపమొచ్చి లేచి వెళ్లిపోయాడు. సాయంత్రం చూస్తే పుస్తకంలో బూట్లు కొట్టేసి, పక్కన "ఫిబ్రవరి" అని రాసి ఉంది. ఇప్పుడు కొని తర్వాత కట్టుకోవచ్చని స్నేహితుడు ఫోన్లో చూపించినా వద్దన్నాడు. అప్పు చేసేవాడు అప్పిచ్చినవాడికి దాసుడని సామెతలు 22:7 వాడికి ఎప్పుడో నోటికొచ్చు. అర్థమైంది మాత్రం ఆ రోజే.

చీర విషయం ఎందుకు ఇంత చెప్తున్నానంటే, మొదటి తారీఖున దశమభాగం ఇచ్చేసి, పనిమనిషి జీతం పదో తారీఖు దాకా లాగే విశ్వాసుల ఇళ్లు నాకు తెలుసు. కూలివాడి కూలి మర్నాటిదాకా నీ దగ్గర ఉంచుకోవద్దని లేవీయకాండం 19:13లో ఉంది. దీని మీద యూత్ మీటింగుల్లో ప్రసంగం ఎందుకు వినపడదు?

వినపడేదల్లా "ఇవ్వండి, నూరంతలు తిరిగొస్తుంది" అన్నదే. దేవుడితో చీటీ వేసినట్టు! తిరిగి రాకపోతే ఆ పిల్లవాడు దేవుణ్ణే అనుమానిస్తాడు. కానుకపెట్టెలో రెండు కాసులు వేసిన విధవరాలికి తిరిగి ఏమొచ్చిందో మార్కు సువార్తలో లేనే లేదు. మిజోరంలో 1910 నుంచి సంఘ స్త్రీలు వంటకు బియ్యం తీసిన ప్రతిసారీ గుప్పెడు దేవుని పనికి పక్కన పెడుతున్నారు. మన సంఘాల్లోనూ పిడికెడు బియ్యం పోసే తల్లులున్నారు. వాళ్లెవరూ నూరు గుప్పిళ్ల కోసం పోయలేదు. పిల్లలకు చూపించాల్సింది వాళ్లని.

ఇంకోటి, మీ జీతమెంతో, అప్పులేమున్నాయో అబ్బాయికి చెప్పండి. లెక్క తెలియని పిల్లవాడు లూకా 14:28లో గోపురం కట్టేవాడిలా కూర్చుని ఖర్చు చూసుకోమంటే ఏం చూసుకుంటాడు?

పదేళ్లు దాటిన పిల్లలు పోస్టాఫీసులో తమ పేరు మీదే పొదుపు ఖాతా తెరవొచ్చు, 500 రూపాయలు చాలు. నెలకు 100 కట్టే ఆర్‌డీ (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్) కూడా ఉంది. వాణ్ణే వెంటబెట్టుకెళ్లి ఫారం వాడిచేతే నింపించండి. పాస్‌బుక్కు మాత్రం మీ బీరువాలో పెట్టకండి, వాడి దగ్గరే ఉండనివ్వండి.