అక్కకీ నాకూ డీఎన్ఏ రిజల్ట్స్ వేరేగా వచ్చాయేంటి?

ప్రశ్న: అక్కా నేనూ ఒకే కంపెనీలో డీఎన్ఏ టెస్ట్ చేయించుకున్నామండి, ఏ ప్రాంతం ఎంత శాతం అన్న లెక్క ఇద్దరికీ వేరేగా వచ్చింది. ఇంట్లో ఒకటే గుసగుసలు. టెస్ట్ తప్పా, లేక ఇంకేదైనా ఉందా?

జవాబు: కంగారు పడకండి, ఆ శాతాలు చూసి ఇంట్లో గొడవలు అస్సలు పెట్టుకోకండి. అమ్మ నుంచి సగం, నాన్న నుంచి సగం వస్తుంది నిజమే కానీ ఏ సగం అన్నది ప్రతి బిడ్డకీ మళ్ళీ కొత్తగా కలిపి పంచినట్టే, పేకముక్కలు కలిపినట్టు అనుకోండి, అందుకే అక్కకి వచ్చిన ముక్క మీకు రాకపోవచ్చు. పైగా ఆ శాతాలు కంపెనీ దగ్గరున్న శాంపిల్స్‌తో పోల్చి వేసిన అంచనాలు, వాళ్ళు డేటా అప్‌డేట్ చేస్తే అవీ మారిపోతాయి.

మీరు చూడాల్సింది మ్యాచ్ లిస్ట్, అంటే మీతో డీఎన్ఏ కలిసిన వాళ్ళ పేర్లతో కంపెనీ ఇచ్చే జాబితా. అందులో ఇద్దరికీ కలిసిన డీఎన్ఏ ఎంతో సెంటీమోర్గాన్లలో (డీఎన్ఏ ముక్కల పొడవుని కొలిచే యూనిట్) ఉంటుంది. సొంత తోబుట్టువులకి సుమారు 2600, తల్లో తండ్రో ఒక్కరే ఉమ్మడి అయితే 1750 దగ్గర. అక్కడితో మీ అనుమానం తేలిపోతుంది.

వంశవృక్షం మొత్తం దీంతోనే వచ్చేస్తుందనుకుంటే మాత్రం కష్టం. ఆరేడు తరాలు వెనక్కి వెళ్తే కొందరు పూర్వీకుల డీఎన్ఏ మనలో అస్సలు మిగలకపోవచ్చు. వై క్రోమోజోమ్ తండ్రి నుంచి కొడుక్కే, మైటోకాండ్రియా (కణంలో శక్తిని తయారుచేసే భాగం) డీఎన్ఏ తల్లి వైపు నుంచే, కాబట్టి అవి చూపించేది ఒక్కో వరుసనే. పేర్లు, ఊళ్ళు కావాలంటే పాత రికార్డులు వెతకాల్సిందే, అన్నట్టు ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే ముందు వాళ్ళ మాటలు రికార్డ్ చేసుకోండి, ల్యాబ్ ఎక్కడికీ పోదు.