కాలువ పనికి ముఠాను తీసుకెళ్తున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

దాళ్వా (రబీ వరి) కోతలు ముగిసి కాలువలకు నీళ్లు ఆపేశాక పూడికతీతకు ఈసారి ముఠాను నువ్వే తీసుకెళ్తున్నావని అక్కయ్య చెప్పింది. పని సంగతి నీకు తెలుసు కనుక, ఎండ సంగతి మాత్రమే రాస్తున్నాను.

మన డెల్టా ఎండను డిగ్రీల అంకె చూసి కొలవకు. సముద్రపు తేమ నిండిన గాలిలో చెమట ధారగా కారుతుందే గాని ఆరదు, అది ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. పైగా రెండు గట్ల మధ్య కాలువ అడుగున గాలి ఆడదు. అందువల్ల నీళ్లు తాగించినంత మాత్రాన సరిపోదు. గట్టు మీద, గాలి తగిలేచోట పందిరి వేయించి, తెల్లవారుజామునే పని మొదలుపెట్టి, పదకొండు గంటలకల్లా అందరినీ పైకి రప్పించు.

గుత్త పనిలో ముందుగా కూర్చోవడానికి ఎవరూ ఇష్టపడరు, పక్కవాడి కంటే వెనకబడతామని జంకుతారు. కాబట్టి విశ్రాంతిని వాళ్ల ఇష్టానికి వదలక నువ్వే కేక వేసి ఆపాలి. కొత్తవాడికి మొదటి రోజు ఐదో వంతు పనే ఇచ్చి, రోజుకు మరో ఐదో వంతు చొప్పున పెంచు. వడదెబ్బ ఎక్కువగా తగిలేది ఎండకు ఇంకా అలవాటుపడని ఈ తొలి రోజుల్లోనే.

దాహం వేసేదాకా ఆగకుండా ప్రతి 20 నిమిషాలకు ఒక గ్లాసు నీళ్లు తాగించు, మధ్యమధ్య ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ ఇవ్వు. రక్తపోటుకు మందులు వాడేవారు ఉప్పు విషయం డాక్టరును అడగాలి. ఆడవాళ్లు నీళ్లు తాగడం లేదంటే దాహం లేక కాదు, మరుగు లేక. నాలుగు తాటాకులతో ఒక దడి కట్టించడం కూడా నీ బాధ్యతే.

ఎవరైనా తడబడుతూ మాట్లాడినా, తూలినా, అడిగినదానికి పొంతన లేని జవాబు చెప్పినా అది వడదెబ్బేనని ఎంచు. ఒంటి మీద చెమట ఉందని ధైర్యపడకు. వెంటనే 108కి ఫోను చేయించి, బండి వచ్చేలోగా నీడలో పడుకోబెట్టి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లు పోస్తూ గట్టిగా విసరాలి. ఐసు దొరికితే గుడ్డలో చుట్టి మెడకు, చంకలకు, గజ్జలకు పెట్టాలి. స్పృహ తప్పినవాడి నోట్లో నీళ్లు పోయవద్దు. జ్వరం మాత్ర ఈ వేడిని దించదు. కోలుకున్నాక కూడా డాక్టరు సరేననేదాకా అతణ్ణి పనిలోకి దింపకు; ఆ రోజుల కూలి విషయం కాంట్రాక్టరుతో పని మొదలవకముందే మాట్లాడుకో.